నంబర్లక్క సెలవు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల విభాగంలో ఒకరిద్దరికి తెలుసేమో. డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ల దాకా మిగతా అందరికీ ఆమె నంబర్లక్క. టెలిఫోన్ ఆపరేటరుగా చేరిన మనిషి. ఆ పాత బోర్డు పీకేసి, అదే గదిలోకి కంప్యూటర్ల తీగలు తెచ్చి పడేసినప్పుడు తోటివాళ్లు తలో విభాగానికి సర్దుకున్నారు. ఆమె గది వదల్లేదు. తీగలు బిగించేవాళ్ల వెనకాలే నిలబడి, ఏది పీకితే ఏది ఆగుతోందో చూసింది. వాళ్లు మరిచిపోయి వెళ్లిన లావుపాటి పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఏడాదిన్నర చదివింది. ఆ మనుషులు మరోసారి వచ్చినప్పుడు ఆమె వేసిన మూడు ప్రశ్నలకు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఆఫీసులో కనుక్కుని చెప్తామండీ" అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆమె పనల్లా స్పీకర్లతోనే. ఆసుపత్రి గోడలకూ కప్పులకూ కలిపి ఆరువందల పైచిలుకు ఉన్నాయి. పిల్లల వార్డు నర్సు మైకులో పిలిస్తే పిల్లల వార్డులోనే పలకాలి. మందుల కౌంటరు టోకెన్లు ఆ వరండాలోనే వినపడాలి. అందుకని ఒక్కో గుంపు స్పీకర్లకు ఒక్కో నంబరు. దాన్ని పుస్తకంలో మల్టీకాస్ట్ చిరునామా అన్నారు. మైకు ఆ నంబరుకు మాట పంపుతుంది. ఆ నంబరుకు చెవి ఒగ్గి ఉన్న స్పీకర్లు పదున్నా వందున్నా ఒక్కసారే పలుకుతాయి. కిటుకల్లా ఒకటే: ఇద్దరికి ఒకే నంబరు పడకూడదు.

గుంపులేమో రోజుకో రకం. ఇవాళ టీకాల వరస, రేపు నర్సుల శిక్షణ, ఎల్లుండి రక్తదానం. పొద్దున ఎనిమిదింటికల్లా ఫోను మోగేది. "అక్కా, ఒక నంబరు పడెయ్యవూ!" ఆమె గీతల పుస్తకం తెరిచి, ఖాళీ నంబరు చూసి, పెన్సిలుతో రాసుకుని, నిచ్చెన చంకన పెట్టుకుని వెళ్లి అక్కడి మైకుకూ స్పీకర్లకూ ఆ నంబరు ఎక్కించి వచ్చేది. సాయంత్రం మళ్లీ చెరిపేది. పదహారేళ్లు ఇదే పని.

రెండేళ్ల కిందట రెండు రోజులుందామని చెల్లెలి ఇంటికి వెళ్లింది. గీతల పుస్తకాన్ని కరెంటు పనులు చూసే పెద్దాయనకు అప్పగించింది. ఆయన్ని అందరూ ఫ్యూజు బాబాయ్ అంటారు. చెయ్యి మంచిదే, కానీ కళ్లజోడు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఆయన క్యాంటీనుకిచ్చిన నంబరే స్కానింగ్ గదికీ ఇచ్చాడు. యంత్రంలో కదలకుండా పడుకోమన్న మనిషికి చెవి పక్కనే "నలభై రెండో టోకెన్, వచ్చి తీసుకోండి" అని వినిపించింది. పాపం ఆ మనిషి లేచి వచ్చేశాడు. నంబర్లక్క చెల్లెలి ఇంట్లో చెప్పులు విప్పిన గంటకే మళ్లీ వేసుకుంది.

అప్పట్నుంచి సెలవు మాటే లేదు.

ఆమె భర్త ముప్ఫై ఏళ్లు లారీ నడిపాడు. ఈమధ్యే లారీ అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడని పేరే గానీ ఆయనకు కాలు నిలవదు. వంటింట్లో డబ్బాలన్నీ మూడుసార్లు సర్ది, నాలుగోసారి ఒక రైలు టికెట్ల కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"పన్నెండు రోజులు. ఆ కొండ రోడ్డు మీద నేను లారీ ఆపి టీ తాగే చోటొకటి ఉందని చెప్తుంటానే, అక్కడికి. కింద సముద్రం, పైన మబ్బు. పాతికేళ్లుగా నీకు చెప్పడమే గానీ చూపించింది లేదు."

"పన్నెండా! ఎవరిని అడిగి తీశారండీ?"

"నా పెళ్లాన్ని నేను తీసుకెళ్లడానికి ఎవర్ని అడగాలోయ్? నువ్వు రానంటే చెప్పు, ఫ్యూజు బాబాయ్‌ని తీసుకెళ్తా. మనిషి సరదాగా ఉంటాడు."

ఆమె నవ్వింది గానీ ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చూసింది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన రోడ్డు మీద, ఆమె నిచ్చెన మీద. ఇద్దరూ వరసగా మూడు రోజులు ఒక్కచోట తీరిగ్గా ఉన్నది ఆమెకు గుర్తులేదు. ఈ పన్నెండు రోజులు ఆమెకు కావాలి. గట్టిగా కావాలి. నంబర్లన్నీ తన చేతిలో ఉన్నంతకాలం అది జరగదని కూడా తెలుసు.

ఆ లావుపాటి పుస్తకంలో చివరి అధ్యాయం ఒకటుంది, నంబర్లు వాటంతటవే పంచుకునే పద్ధతి గురించి. ఇన్నాళ్లూ అవసరం లేదని దాటేసింది. ఇప్పుడు కూర్చుని చదివింది. బిల్లుల కౌంటరులో మూలనపడ్డ పాత కంప్యూటరును తెచ్చి, దుమ్ము దులిపి, పని నేర్పడం మొదలుపెట్టింది. ఏ మైకుకైనా గుంపు కావాలంటే అది ఆ పెట్టెను నంబరు అడగాలి. పెట్టె ఖాళీది చూసి ఇవ్వాలి. గుంపులోని స్పీకర్లకు కూడా ఆ నంబరు పెట్టే చెప్పాలి.

మొదటి ప్రయత్నం మూడు రోజులు నడిచి చతికిలబడింది. పెట్టె అడిగినవాళ్లందరికీ నంబర్లిచ్చింది, ఒక్కరూ తిరిగివ్వలేదు. ఖాళీలు అయిపోయాయి. తల పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎదురుగా గేటు దగ్గర చక్రాల కుర్చీల మనిషి కేకలేస్తున్నాడు. "తీసుకెళ్లడమే గానీ తెచ్చివ్వడం లేదా మీ ఇళ్లలో?" అదీ సంగతి. గడువు పెట్టాలి. ఏ నంబరైనా నాలుగు గంటల సేపే ఇవ్వాలి. ఇంకా కావాలంటే మైకు మళ్లీ అడుగుతుంది, అడక్కపోతే నంబరు వెనక్కి వచ్చేస్తుంది. ఇంకో జాగ్రత్త కూడా పెట్టింది. ఒక నంబరు ఇచ్చేముందు పెట్టె దాని మీద కాసేపు చెవి పెట్టి, ఎవరైనా మాట్లాడుతున్నారా అని వింటుంది. చడీచప్పుడూ లేకపోతేనే ఇస్తుంది.

సూపరింటెండెంటు మేడమ్ అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఒక వారం చూద్దాం. సోమవారం నుంచి శనివారం దాకా మీరు నంబర్ల జోలికి పోకూడదు. ఎవరడిగినా చెయ్యి పెట్టకూడదు. గొడవ రాకపోతే పన్నెండు రోజులూ మీవే. వచ్చిందా, ఆ మాట మళ్లీ నా దగ్గర ఎత్తొద్దు."

సోమవారం ముప్ఫై ఎనిమిది గుంపులు, మంగళవారం నలభై నాలుగు. పెట్టె గుడ్లప్పగించి చూస్తున్నట్టు పచ్చదీపం వెలిగిస్తూ పని చేసుకుపోయింది. ఫోను మోగడం మానేసింది. నంబర్లక్కకు చేతులు ఊరుకోవడం లేదు. డ్రాయరులో మరలన్నీ సైజుల వారీగా ఏరి పెట్టింది. ఫ్యూజు బాబాయ్ వచ్చి చూసి, "అమ్మాయ్, మరలకు కూడా నంబర్లు వేస్తావేంటి?" అని పోయాడు.

బుధవారం వ్యాయామాల డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన గదిలో మోకాళ్ల నొప్పులవాళ్లకు కసరత్తు చెప్పే రికార్డు వినిపించే యంత్రం ఒకటుంది. పాతది. దానికి పెట్టెను నంబరు అడగడం చేతకాదు.

"అక్కా, పొద్దున్నుంచీ నేనే గొంతు చించుకుంటున్నా. ఒకటీ రెండూ అనీ అనీ నాకే మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. ఒక్క నంబరు, నీకు పుణ్యముంటుంది."

"ఈ వారం నేను చెయ్యి పెట్టకూడదు, నాయనా."

"పెట్టెను ముట్టుకోవద్దన్నారు. నా యంత్రాన్ని ముట్టుకోవద్దన్నారా?"

ఆమెకు ఆ మాట తీపిగా వినిపించింది. పెట్టె జోలికి పోకుండా, ఎక్కడో చివరనున్న నంబరొకటి తన చేత్తో ఆ యంత్రానికీ, ఆ గది స్పీకర్లకూ ఎక్కించి వచ్చింది. రెండు నిమిషాల పని. ఆ రోజంతా హుషారుగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ వ్యాయామాల గది మూసి, యంత్రం ఆపేశారు. సరిగ్గా అప్పుడే పైఅంతస్తు సమావేశం హాలు మైకు పెట్టెను నంబరడిగింది. పెట్టె ఆ చివరి నంబరు మీద చెవిపెట్టింది. చప్పుడు లేదు. ఇచ్చేసింది.

రెండున్నరకు, కింద వ్యాయామాల గది మళ్లీ తెరిచేసరికి, హాల్లో విభాగాల పెద్దలంతా కార్లు ఎవరివి ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీద భీకరంగా వాదించుకుంటున్నారు. కప్పులోంచి ఒక కమ్మని ఆడగొంతు పలికింది.

"ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తండి. గట్టిగా ఊపిరి పీల్చండి. కోపం, ఆందోళన బయటికి వదిలేయండి."

ఇద్దరు ముగ్గురు నిజంగానే ఎత్తారట. కింద వ్యాయామాల గదిలో కాళ్లు చాపుకుని కూర్చున్న పదిహేనుమంది, చెట్టు నీడ ఎముకల విభాగానిదా గుండె విభాగానిదా అన్న వాదన చెవులు రిక్కించి విన్నారు. ఒక పెద్దావిడ, "గుండె వాళ్లకే ఇవ్వండమ్మా, పాపం" అని తీర్పు కూడా చెప్పేసింది.

సంగతి తెలియగానే నంబర్లక్క కంప్యూటరు ముందు కూర్చుంది. పెట్టె రాసుకున్న చిట్టా తెరిచి ఒక్క చూపు చూసింది. అంతా అర్థమైంది. ఫ్యూజు బాబాయ్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఆ పాత యంత్రం పాడైందని రాసెయ్. నేను సాక్షి సంతకం పెడతా. అబద్ధం కూడా కాదు, అది పుట్టినప్పట్నుంచీ పాడైందే."

"అది పాడవలేదు బాబాయ్. నేను చెప్పిన నంబరు మీద నేను చెప్పిన పాటే పాడింది."

"నీ సెలవు పోతుందే పిచ్చిదానా!"

"తెలుసు. కానీ తప్పు ఎక్కడుందో దాచిపెట్టి వెళ్తే, రేపు ఇదే తప్పు స్కానింగ్ గదిలో జరుగుతుంది. అప్పుడు నువ్వు ఎక్కడని వెతుకుతావు?"

కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసింది. పెట్టె తప్పు లేదు, డాక్టరు తప్పు లేదు, మాట తప్పి చెయ్యి పెట్టింది నేను అని రాసి, మేడమ్ బల్ల మీద పెట్టి, నిలబడింది. మేడమ్ రెండుసార్లు చదివింది.

"అంటే వారమంతా గొడవ చేసింది మీ చెయ్యొక్కటే."

"అవును మేడమ్."

"మీరు చెయ్యి పెట్టని నంబర్లు ఎన్ని?"

"రెండువందల పదకొండు. ఒక్కటీ తగులుకోలేదు."

"మళ్లీ ఇలాంటి పాత యంత్రం వస్తే?"

"పెట్టె ఎప్పటికీ ఎవరికీ ఇవ్వకుండా ఇరవై నంబర్లు పక్కన పెట్టాలి. అడగడం చేతకాని వాటికి అందులోంచే ఇవ్వాలి. అరగంట పని. ముందే చెయ్యాల్సింది, నాకు తట్టలేదు."

మేడమ్ కాగితం మడిచింది. "అరగంట పని ఈ సాయంత్రమే చేసేయండి. ఇక సెలవు సంగతి. నేను పెట్టిన షరతు ప్రకారమైతే లేదు." నవ్వు ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు. "కానీ ఈ లెక్క చూస్తే, పెట్టె సవ్యంగా నడవాలంటే ఆ చెయ్యి ఊళ్లో ఉండకూడదని తేలుతోంది. పన్నెండు రోజులు సరిపోతాయా, ఇంకో రెండు కలపనా?"

"పన్నెండు చాలు మేడమ్," అని నంబర్లక్క గదికి తిరిగొచ్చి, ఇరవై నంబర్లూ పక్కన పెట్టి, మూడుసార్లు పరీక్షించి, ఆ తర్వాతే ఇంటికి ఫోను చేసింది.

కొండ రోడ్డు మీద టీ కొట్టు ఆయన చెప్పినంత పెద్దదేం కాదు. రేకుల కప్పు, రెండు బల్లలు. కింద సముద్రం మాత్రం ఆయన చెప్పిన దానికంటే ఎక్కువే ఉంది. నాలుగో రోజు ఆమె ఉండబట్టలేక ఫ్యూజు బాబాయ్‌కి ఫోను చేసింది.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఏది?"

"పెట్టె!"

"యాభై ఒక్క గుంపులు. గొడవల్లేవు. నన్నొక్క మాటా అడగదు నీ పెట్టె, పొగరుమోతుది. ఏం తోచక నీ మరలు మళ్లీ కలిపేసి ఏరుకుంటున్నా. ఫోను పెట్టేయ్, సైజు మరిచిపోతాను."

పెట్టేశాడు. ఆమెకు ఒక్క క్షణం చివుక్కుమంది. పదహారేళ్లు తనకు తప్ప తెలియని పని, తను లేకుండానే ఇప్పుడు ఎంచక్కా జరిగిపోతోంది. తర్వాత, మెల్లగా, భుజాలు తేలికపడ్డాయి. జరగాలనే కదా కట్టింది!

"ఏమంటాడు?" అన్నాడు భర్త.

"నేను అక్కర్లేదట."

"నాకూ పెద్దగా అక్కర్లేదు గానీ," అని ఆయన గ్లాసు ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాడు, "ఆ మలుపు చూశావా, అక్కడే ఒకసారి నా బ్రేకు పట్టలేదు. కూర్చో, చెప్తా. పెద్ద కథ."

ఆమె కూర్చుంది. తొందరేం లేదు, ఇంకా ఎనిమిది రోజులున్నాయి.