చెరిపేసిన సొన మచ్చలు

2019 వేసవి, మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. నూజివీడులో నేను ఫ్లెక్స్ డిజైనింగ్ షాపు పెట్టి అప్పటికి పదిహేనేళ్లు. అంతకుముందు గోడల మీద అక్షరాలు రాసేవాణ్ణి. పనిమంతుణ్ణన్న పొగరు తలకెక్కి ఉండేది, దాచుకోవడం దేనికి. ఎవరి ఫొటో తెచ్చినా తెల్లగా, నున్నగా చేసి, కోటు తొడిగి పంపేవాణ్ణి. జనం మురిసిపోయేవారు.

ముసునూరు నుంచి లక్ష్మి అనే ఆవిడ వచ్చింది. తోటల్లో కాయలు కోసే ఆమె భర్త చెట్టు మీంచి పడి చనిపోయాడు. పెద్దకర్మకి ఫ్లెక్స్ కావాలంది. పగిలిన అతని ఫోనులోంచి తీసిన మెమరీ కార్డు నా చేతిలో పెట్టింది. అందులో అతని ఫొటో ఒక్కటే ఉంది. పెళ్లి ఫొటోలు ఇల్లు కారి నానిపోయాయట. ఆధార్ కార్డులో మొహమంటారా, అది ఎవరిదైనా కావచ్చు.

అతని బుగ్గ మీద, గడ్డం దాకా నల్లటి మచ్చలు. కాయ తుంచినప్పుడు చిమ్మే సొన పడి చర్మం కాలిన గుర్తులవి. వాటిని క్లోన్ టూల్‌తో, అంటే పక్క చర్మాన్ని అద్ది మచ్చను కప్పేసే పనిముట్టుతో, శుభ్రంగా తుడిచేసి, మొహం కూడా తెల్లగా చేశాను. అలవాటు చొప్పున కార్డులో ఉన్న ఫొటో మీదే సేవ్ కొట్టి మూసేశాను. ముందు ఒక కాపీ తీసిపెట్టుకోవాలన్న ఇంగితం లేకపోయింది.

లక్ష్మి ప్రింటును దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈయనెవరండీ?" అంది.

మీవారేనమ్మా, కాస్త బాగు చేశానన్నాను. మచ్చలేవని అడిగింది. పాత ఫొటోయే పెట్టమంది. అప్పుడు గాని నేను చేసిన ఘనకార్యం నాకు తెలిసిరాలేదు. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చేవాళ్లు విజయవాడలో ఉంటే, కార్డు పట్టుకెళ్లి ఇద్దరికి చూపించాను. లాభం లేదన్నారు. మర్నాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పిన చోటల్లా మచ్చలు గీశాను. మధ్యాహ్నమంతా గీశాను. అలా కాదండీ, అలా కాదండీ అంటూనే ఉంది. చివరికి ఇక చాల్లెమ్మంది.

"నాకు గుర్తుంటాడండీ. పాపకి రెండేళ్లు. అది ఈయన్నే నాన్ననుకుంటది."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఎవరైనా ఫొటో తెస్తే, ఆ మనిషి ఎలా ఉండేవాడో ముందు అడుగుతాను. వాళ్లు చెప్పడం అయ్యేదాకా మౌస్ ముట్టుకోను. పక్క షాపులో పది నిమిషాల పని నా దగ్గర గంట పడుతుంది, బేరాలూ తగ్గాయి. దిద్దడం నాకు ఎప్పుడో వచ్చు. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడానికి మాత్రం ఒక మనిషి మొహం పోవాల్సి వచ్చింది. దీన్ని ఎదుగుదల అనడానికి నాకు నోరు రాదు.

మొన్న లక్ష్మి కూతురు స్కూలు ఐడీ కార్డు ఫొటో కోసం వచ్చింది.

"మా నాన్న ఫొటో మీరే చేశారంట. ఎంత తెల్లగా ఉన్నాడో కదండీ" అంది.

అవునమ్మా అన్నాను.