చెవి ఎత్తు

ప్రతి ఉదయం త్రివేణి ఇంట్లో హారతికి ఇద్దరు మనుషులు కావాలి. వంటింటి అరలో అమర్చుకున్న దేవుడి ముందు ఆమె కర్పూరం వెలిగిస్తుంటే, భర్త రఘు హాల్లో స్మోక్ అలారం కింద నిలబడి తువ్వాలుతో గాలి విసరాలి. కాస్త ఏమరుపాటుగా ఉన్నాడో, అది భవనమంతా అదిరిపోయేలా అరుస్తుంది. అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిన కొత్తలో ఓసారి అలాగే అరిచింది. అందరూ రాత్రి బట్టలతో మంచులోకి పరిగెత్తారు. రఘు సిగ్గుతో చితికిపోయి మనిషి మనిషికీ క్షమాపణ చెప్పుకుంటూ పోయాడు. కింది వాటాలో ఉండే ముసలాయన మాత్రం నవ్వి, తన కోటు విప్పి అప్పుడింకా చంటిపిల్లగా ఉన్న వాళ్ళ కూతురు కృతికి చుట్టబెట్టాడు. ఆనాటి నుంచి త్రివేణి తనవాళ్ళ పేర్లు చెప్పుకుని దణ్ణం పెట్టేటప్పుడు చివర ఆయన పేరు కూడా చేర్చేది.

"నాన్న, ఫాస్ట్‌గా ఊపు! గాడ్ వెయిట్ చేస్తుంది" అని కృతి సోఫా మీంచి అరుస్తుండేది. దాని తెలుగులో దేవుడికీ దేవతకీ తేడా ఉండేది కాదు.

త్రివేణిది సామర్లకోట అవతల చిన్న పల్లె. బల్లలు లేని బడిలో, నేల మీద వరసగా కూర్చుని చదువుకుంది. కాకినాడ పాలిటెక్నిక్‌లో డ్రాఫ్టింగు నేర్చింది. గీత తిన్నగా గీస్తే మనసూ తిన్నగా ఉంటుందని ఆమె నమ్మకం. ఆ గీతలే ఆమెను మెట్టు మెట్టుగా ఎక్కించి, ఇంజనీరింగు చదివించి, మిషిగన్ దాకా తీసుకొచ్చి శ్యామ్‌సుందర్ గారి ఆఫీసులో కూర్చోబెట్టాయి.

ఆయనది వరంగల్. ఇక్కడి గుళ్ళకూ, ఫంక్షన్ హాళ్ళకూ సౌండ్ సిస్టమ్ డిజైన్ చేసి ఇచ్చే చిన్న కంపెనీ. త్రివేణి పని హాలు పైకప్పులో స్పీకర్లు ఎక్కడెక్కడ రావాలో కంప్యూటర్‌లో గీయడం. హాలు పటం తెరిచి, స్పీకర్ గుర్తును తెచ్చి కప్పు మీద పెట్టాలి. కప్పు ఎంత ఎత్తో, కింద వినేవాళ్ళ చెవి ఎంత ఎత్తులో ఉంటుందో, స్పీకర్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలో చెప్పాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ గుర్తు చుట్టూ ఒక వలయం గీస్తుంది. ఆ వలయంలో కూర్చున్నవాళ్ళకు మాట స్పష్టంగా వినిపిస్తుందన్నమాట. వలయం పక్కన వలయం తగిలేలా హాలంతా నింపుకుంటూ పోవాలి. "నీకు డాట్స్ పెట్టడానికి పే చేస్తారా అమ్మ?" అని కృతి ఆశ్చర్యపోయేది.

ఆ ఆఫీసు గదికి కిటికీ లేదు. అయినా అది పెద్ద ఇబ్బంది కాదు. త్రివేణి వీసా ఆరేళ్ళ గడువు చివరికి వస్తోంది. గడువు పొడిగించాలంటే గ్రీన్‌కార్డ్ పనిలో మొదటి మెట్టయిన పెర్మ్ ఈ చలికాలంలోనే ఫైల్ కావాలి. అది చెయ్యాల్సింది శ్యామ్‌సుందర్ గారు. ఇప్పుడు కంపెనీ మారితే మొదటికొస్తుంది. ఆమె ఉద్యోగం మీదే రఘు, కృతి ఇక్కడ ఉన్నారు. ఊళ్ళో వంతెనలు కట్టించిన రఘు ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద పప్పుకి పోపు పెడుతూ కూర్చున్నాడు. కాబట్టి ఆమె కదలడానికి లేదు.

పోనీ శ్యామ్‌సుందర్ గారు చెడ్డవారా అంటే, అదీ లేదు. కృతికి జ్వరం ముదిరినప్పుడు రోడ్లు మంచుతో గడ్డకట్టి ఉంటే, తన పెద్ద కారు వేసుకొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. ఆయన భార్య విద్య ఎప్పుడు పులిహోర కలిపినా త్రివేణికి ఒక డబ్బా వేరుగా వచ్చేది. చెడ్డవాడి చేతిలో చిక్కుకుంటే తిట్టుకునైనా ఊపిరి తీసుకోవచ్చు. మంచివాడి చేతిలో చిక్కుకున్నవాళ్ళకు ఆ వెసులుబాటు కూడా ఉండదు.

ఆ చలికాలంలో కంపెనీకి మొట్టమొదటిసారి గుడి కాని పని వచ్చింది. ఊరి పెద్దవాళ్ళు పగలంతా వచ్చి భోజనం చేసి, కబుర్లు చెప్పుకుని వెళ్ళే ఒక సీనియర్ సెంటర్‌లో కొత్త హాలు. త్రివేణి అలవాటు ప్రకారం అంతకుముందు చేసిన గుడి డ్రాయింగు తెరిచి, వేరే పేరుతో సేవ్ చేసి, గోడలు మార్చి, స్పీకర్లు పేర్చింది. శ్యామ్‌సుందర్ గారు చూసి సంతకం పెట్టారు. సామాను వెళ్ళింది. పని మొదలైంది.

ఒక బుధవారం పొద్దున సైట్ నుంచి ఎర్ల్ ఫొటో పంపాడు. ఎర్ల్ అంటే అక్కడ తీగలు లాగి స్పీకర్లు బిగించే పెద్దాయన. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. ఏదో తీగ రంగు గురించి అడగడానికి పంపిన ఫొటో అది. అందులో ఒక మూల, కొత్త హాలు చూద్దామని వచ్చిన ఒక ముసలావిడ కుర్చీలో కూర్చుని బొటనవేలు పైకెత్తి నవ్వుతోంది. ఆవిడ చెవి సరిగ్గా కిటికీ గట్టుకు సమానంగా ఉంది.

త్రివేణి తీగ రంగు చెప్పింది. మళ్ళీ ఫొటో చూసింది. ఆ హాలు గోడను నిలువునా కోసి చూపించే పటం తన తెర మీదే ఉంది. అందులో వినేవాళ్ళ చెవి గీత కిటికీ గట్టుకు చాలా కిందగా పోతోంది. ఏదో స్పీకర్ మీద నొక్కి చెవి ఎత్తు చూసింది. అది గుడి ఎత్తు. చాపల మీద, తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళ చెవి ఎత్తు.

చెవి కిందుంటే వలయం పెద్దది. పెద్ద వలయాలకు తక్కువ స్పీకర్లు చాలు. మనిషి కుర్చీలోకి లేచేసరికి వలయాలన్నీ కుంచించుకుపోయి మధ్యలో ఖాళీలు పడతాయి. సరైన ఎత్తు పెట్టి చూసింది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వలయాలు ఎడమెడంగా జరిగి, భోజనం బల్లల మధ్య నుంచి కాలవల్లాంటి సందులు తేలాయి. డ్రాయింగులో ఆ అంకె పక్కన రాసి ఉన్నది "కూర్చున్నవారి చెవి" అనే. కూర్చోవడమంటే కుర్చీలో కూర్చోవడమని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

ఆమె కుర్చీలోంచి లేచి, కొంగు సర్దుకున్నట్టు స్వెటర్ సర్దుకుని, శ్యామ్‌సుందర్ గారి గదికి వెళ్ళింది.

"శ్యామ్ గారూ, ఒక పొరపాటు జరిగిందండీ."

"పొద్దుగాల్నే మంచిమాట చెప్పరాదమ్మా. ఏమైంది?"

"సీనియర్ సెంటర్ డ్రాయింగులో చెవి ఎత్తు గుడిదే ఉండిపోయింది. వాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు కదండీ."

ఆయన తన కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నారు. కాసేపటికి నుదురు రుద్దుకుని నవ్వబోయారు. "చెక్ చేసింది నేనే. నాకు గూడ కనపడలే చూడు. మనోళ్ళం కద, కూసునుడంటే నేల మీదనే అనుకున్నం."

"ఇంకొన్ని స్పీకర్లు కావాలండీ. ఎల్లుండి పొద్దున కప్పు మూసేస్తారట. ఈలోపు చెబితే..."

"చెప్తే? గుడి కమిటీ అనుకున్నవా, మనోడే పోనీ అని ఒక ప్రసాదం చేతుల పెట్టి వదిలెయ్యనీకి? ఫస్ట్ టైం బయటోళ్ళు పిలిచిండ్రు. ఫస్ట్‌దే ఖరాబ్ చేస్తే ఇగ మల్ల పిలుస్తరా?"

"పెద్దవాళ్ళండీ పాపం. సగం బల్లలకు మాట అందదు."

"సౌండ్ పెంచుకుంటరు తీయ్. ఆ వయసుల వాళ్ళకు ఎట్లైనా వినపడదు." అనేసి ఆయనే నాలుక కరుచుకున్నారు. తల వంచుకుని, గొంతు తగ్గించి అన్నారు: "నీ పెర్మ్ గురించి నిన్ననే లాయర్‌తోటి మాట్లాడిన. ఈ టైంల లొల్లి ఐతే కంపెనీ ఉంటదో ఉండదో నాకే తెల్వదు. బెదిరిస్తలేనమ్మా. నేను గూడ ఇరుక్కునే ఉన్న."

ఆమె తిరిగి వస్తుంటే వెనకనుంచి పిలిచి, "ఏమన్న తిన్నవా? విద్య ఉప్మా పంపింది" అన్నారు. ఆ ఉప్మా ఆమె తిన్నది. డబ్బా కడిగి తిరిగి ఇచ్చింది.

సాయంత్రం అన్నాల దగ్గర రఘుకు చెప్పింది. అతను చారు పోస్తూ పోస్తూ గరిటె ఆపాడు.

"నన్నడుగుతున్నావా? నేను డిపెండెంట్‌ని తల్లీ. కాగితం మీద కూడా అదే రాశారు."

"జోకులొద్దు రఘూ."

"జోకు కాదే. చెప్పమంటే నీ జాబ్ నేను తీసేసినట్టు. వద్దంటే నీ మనసు నేను తీసేసినట్టు. ఏదంటే ఏం పాపమోనని భయంగా ఉంది నాకు."

కృతి పళ్ళెంలోంచి తలెత్తింది. "అమ్మ, నెక్స్ట్ ఇయర్ కూడా నాది ఇదే స్కూల్ కదా? మిస్ నాకు సింగింగ్ క్వయర్‌లో ఫ్రంట్ రో ఇస్తాను అంది."

"తిను నాన్నా" అంది త్రివేణి. రఘు ఆమె పళ్ళెంలో అడక్కుండానే పెరుగు వేశాడు. ఆ రాత్రి ఆమె దేవుణ్ణి ఏమీ కోరుకోలేదు. ఏం కోరుకోవాలో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనం వేళ, ఎవరికీ చెప్పకుండా, కారు తీసుకుని సైట్‌కి వెళ్ళింది. ఎర్ల్ ఆమెను చూసి ఆశ్చర్యపోయి, ముందు తన వెచ్చటి చేతి తొడుగులు తీసి ఇచ్చాడు. హాల్లో ఇంకా హీటర్ లేదు. పైన కప్పు చట్రం తెరిచే ఉంది. స్పీకర్లు తీగలకు తగిలించి ఉన్నాయి. మర్నాడు పొద్దునే పలకలు బిగించేవాళ్ళు వస్తారు.

"మిస్టర్ ఎర్ల్, కాసేపు మైక్‌లో ఏదైనా చదవగలరా?" అని అడిగింది. వట్టి ఎర్ల్ అను చాలు అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా, అంత పెద్దాయన్ను పేరు పెట్టి పిలవడానికి ఆమెకు నోరు రాదు.

ఆయన జేబులోంచి సెంటర్‌వాళ్ళ భోజనాల పట్టిక తీసి, ఒక్కో సూపు పేరే గంభీరంగా, చర్చిలో చదివినట్టు చదవసాగాడు. త్రివేణి ఒక కుర్చీ లాక్కుని స్పీకర్ కింద కూర్చుంది. మాట ముత్యంలా వచ్చింది. కుర్చీ జరుపుకుని రెండు స్పీకర్ల మధ్యకు వచ్చింది. ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తోంది. ఏమంటున్నారో తెలియడం లేదు. అచ్చులు వస్తున్నాయి, హల్లులు దారిలో రాలిపోతున్నాయి. తన చెవులు మంచివి కాబట్టి అంతమాత్రమైనా. ఆమె కుర్చీ పక్కకు తోసి, అక్కడే, ఆ సిమెంటు దుమ్ములో, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుంది. సూపు పేరు మొత్తం, స్పష్టంగా, చెవిలో పడింది.

ఎర్ల్ చదవడం ఆపేసి పరుగున వచ్చాడు. "ఒంట్లో బాగానే ఉందా? పడిపోయావా?"

"లేదు. మా గుళ్ళో మేమిలా కూర్చుంటాం. నేను ఈ హాలుని అలా గీశాను" అని, కింద కూర్చునే, మొదటినుంచీ అంతా చెప్పింది.

ఆయన కప్పుకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇక్కడివాళ్ళు నేల మీద కూర్చుంటే లేపడానికి ఫైరింజన్ రావాలి!" అని, చెయ్యి అందించి లేపాడు. లేచాక చూస్తే ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన నవ్వు ఆపేశాడు.

"మీ బాస్‌కి తెలుసా?"

"తెలుసు. వదిలెయ్యమన్నారు. ఆయన తప్పు కాదు. నా ఇమిగ్రేషన్ పేపర్లు ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన కంపెనీ ఈ పని చేతిలో ఉంది."

ఎర్ల్ నిచ్చెన మీద చెయ్యి ఆనించాడు. "విను. పలకలవాళ్ళని రేపు ఆపడానికి నేనొక కాగితం రాస్తే చాలు. హోల్డ్ అని. కారణం దగ్గర, నేనే కొలత తప్పు తీశానని రాస్తాను. నేను వసంతంలో రిటైరవుతున్నాను. నన్నేం చేస్తారు? నీ పేరు రాదు, మీ బాస్ పేరు రాదు. స్పీకర్లు వస్తాయి. అందరూ బాగుంటారు."

త్రివేణికి, మూసుకున్న తలుపు ఎవరో బయటినుంచి తీసినట్టయింది. ఈ దేశంలో, చుట్టం కాదు పక్కం కాదు, తనకోసం ఒక మనిషి తప్పు నెత్తిన వేసుకుంటానంటున్నాడు. సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెర్మ్, కృతి స్కూలు, రఘు చేతిలో ఆగిపోయిన గరిటె, అన్నీ ఆ ఒక్క మాట అవతల భద్రంగా ఉన్నాయి.

ఎర్ల్ అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు. నలభై ఏళ్ళుగా నిచ్చెనలెక్కిన చేతులు, వేళ్ళు వంకర్లు పోయి, చలికి ఎర్రబడి ఉన్నాయి. ఆయన తొడుగులు తన చేతులకు ఉన్నాయి. కొలతలో ఎన్నడూ తప్పని చేతులని సైట్ ఫొటోలు చూసే ఆమెకు బాగా తెలుసు.

ఆమె తొడుగులు విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"మిస్టర్ ఎర్ల్, మీరు నాకు ఒక సాయం చెయ్యాలి" అంది. "ఆ కాగితం రాయండి. పలకలు ఆపండి. కారణం దగ్గర మాత్రం డ్రాయింగు తప్పు అని రాసి, గీసినవాళ్ళు త్రివేణి అని నా పేరే పెట్టండి. స్పెల్లింగు నేను చెబుతాను."