తడెంత మామా?

పచ్చటి మిరపచేను చావాలంటే తెగులే రానక్కర్లేదు, కొత్తగా చదువుకున్నవాడు ఒకడు చాలు. మా ఊళ్లో ఆ ఒకణ్ణి నేనే.

ఇంజనీరింగ్ అయిన కొత్తలో, శాస్త్రీయ పాలన కావాలనే ఉద్యమంలో ఫోనులోనే చేరిపోయాను. నాయకులు వద్దు, నిపుణులు ఏలాలి. అభిప్రాయాలు వద్దు, అంకెలు చాలు. దేశం నన్ను పిలవలేదు కాబట్టి నూజెండ్ల దగ్గరున్న మా ఊరితోనే మొదలుపెట్టాను.

ఆ రోజు సాయంత్రంతో కాలువకు నీళ్లు ఆపేస్తారు, మళ్లీ వదిలేది రెండు వారాలకే. చివర పొలంలో సాంబయ్య బాబాయి మిరపచేను కాయ మీదుండి వాడిపోతోంది. ఆ పూట నీళ్లందకపోతే పంట లేదు. కానీ వంతు మాత్రం కాలువ మొదట్లో ఉన్న వెంకటేశ్వర్లు మామది. ఇద్దరివీ ఎదురుపార్టీలు. రెండువైపులా మనుషులు పారలతో దిగారు. మట్టి తియ్యడానికే తెచ్చారని మీరు నమ్మితే నమ్మండి.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. మా ఊళ్లో ఫోను తీర్చబోయింది.

"అడిగినదానికి అంకె చెప్పండి. నీళ్లెవరికో ఇది తేలుస్తుంది. దీనికి పార్టీ లేదు," అన్నాను. చేలో తడి ఎవరికి తక్కువైతే వాళ్లకే ముందు, ఇదీ నా లెక్క.

"తడెంత మామా?"

"ఒకటి."

"నీకు బాబాయ్?"

"మూడురా. అసలు సంగతేందంటే..."

"కథలొద్దు బాబాయ్. అంకె చాలు."

నీళ్లు మామకేనని ప్రకటించాను. మామ మనుషులు ఆయన చేలోకి నీళ్లు మళ్లేలా మడవ తెంచారు. బాబాయి వెనకున్నవాళ్లు పారలు పైకెత్తారు.

పిన్ని అడ్డమొచ్చింది. "ఒరేయ్, నువ్వడిగిందేంది?"

"చేలో చెమ్మ ఎంతుందని పిన్నీ."

"చెమ్మని అడిగి చావకపోయావా. తడంటే ఒకసారి నీళ్లు పెట్టడంరా. మీ మామకు ఒక్క తడి చాలు, మాకింకా మూడు కావాలని మీ బాబాయి మొత్తుకుంటే, చేను నానిపోయిందనుకున్నావా?"

మామ తన పారతోనే తన మడవ కట్టేశాడు.

"పెట్టుకో సాంబయ్యా. మనం కొట్టుకున్నా, ఎవరి చేను ఎండుతుందో తెలిసే కొట్టుకున్నాం. వీడు తెలవకుండానే చంపేటట్టున్నాడు."

పొద్దుగూకేలోపు బాబాయి చేనుకు నీళ్లెక్కాయి. కాలువలో మిగిలిన బురదలో నిలబడి, కృష్ణమ్మ సాక్షిగా శపథం చేశాను: దేశమంతా కాళ్ల మీద పడి ఏలమన్నా, మా పిన్నిని పక్కన కూర్చోబెట్టుకోకుండా ఏలను.