పువ్వు పక్కన నా మొహం

ప్రభుత్వం నా బొమ్మతో తపాలా స్టాంపు వేసింది. ఈ మాట వికారాబాద్‌లో కనీసం నలభై మందికి చెప్పి ఉంటాను. స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్లో చెప్పాను, పింఛను కోసం బ్యాంకు లైన్లో నిలబడి చెప్పాను, బీపీ చూసే నర్సమ్మకు కూడా చెప్పాను. ఆమె "అవునా తాతా, చెయ్యి కదిలియ్యకు" అంది. చనిపోయినవాళ్ళకు కదా వేసేది అని ఎవరైనా అడిగితే, నా విషయంలో జర ముందుగా వేశారు అనేవాణ్ణి.

డబ్బు కట్టి వేయించుకున్నాను. అదీ సంగతి. ఎవరైనా వేయించుకోవచ్చు. ఒక ఫోటో, ఒక గుర్తింపు కార్డు, నింపిన ఫారం ఇస్తే పన్నెండు స్టాంపుల షీటు చేతికొస్తుంది. ఒక్కోదానిలో ఎడమ పక్క సర్కారువారి పువ్వు, దాన్ని ఆనుకుని కుడి పక్క మన మొహం. మధ్యలో చింపుకోవడానికి సూదిపోట్ల వరుస. నా ఫోటోలో నేను కోపంగా ఉన్నట్టు కనిపిస్తాను. కోపం కాదు, స్టూడియో అతను ఊపిరి బిగబట్టమన్నాడు.

ఎందుకు వేయించుకున్నానంటే, తాండూరు సేటు కోసం.

సేటుకు తాండూరులో కందిపప్పు మిల్లు ఉంది. నేను వికారాబాద్‌లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇద్దరం స్టాంపులు పోగుచేస్తాం. నలభై ఏళ్ళు దాటింది. ఒకప్పుడు ఈ రెండు ఊళ్ళలో కలిపి మాలాంటివాళ్ళు వందమంది ఉండేవారు. వంద కాదు, పదకొండు మంది. అందులోనూ ఇద్దరు చాయ్ కోసం వచ్చేవారు. ఇప్పుడు సేటు, నేను మిగిలాం.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. స్టాంపును చేతిలో పెట్టకూడదు. కవరు మీద అతికించి, పోస్టులో వేసి, ముద్ర పడి, అవతలి ఊరు చేరాలి. అప్పుడే లెక్క. అట్లా వచ్చినదాన్ని నడిచిన స్టాంపు అనేవాళ్ళం. ముద్ర పడనిది ఎంత అందంగా ఉన్నా సేటు దృష్టిలో రంగు కాగితమే. నడిచి వచ్చినదాన్ని కవరు నుంచి కత్తిరించి, స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టి, జిగురు వదిలాక ఊడదీసి, పాత పేపరు మీద ఆరబెట్టి, పైన పలచటి గుడ్డ వేసి గోరువెచ్చగా ఇస్త్రీ చేసి ఆల్బంలో పెట్టేవాళ్ళం.

ప్రతి నెలా మొదటి ఆదివారం నేను రైల్లో తాండూరు పోతాను. శుక్రవారం పోస్టు చేసిన కవరు కంటే ఆదివారం నేనే ముందు చేరిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పుడు అందులో ఏముందో చెప్పకుండా, చాయ్ తాగి, ఊరి సంగతులు మాట్లాడి తిరిగొచ్చేవాణ్ణి.

ఆ తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. మొదటిసారి కౌంటర్లో అమ్మాయి నా కవరును మిషను కింద పెట్టి, గీతల కాగితం ఒకటి టకీమని తీసి అతికించింది.

"స్టాంపులు పెట్టమ్మా" అన్నాను.

"అక్కర్లే అంకుల్. దీనితోనే పోతది."

"పోతది గని, చూడనీకి ఏముంది దాంట్ల?"

"గీతలున్నయి గద అంకుల్. జర పక్కకు జరగుండ్రి, వెనక లైనుంది."

మిగతా ప్రపంచమూ అట్లాగే తయారైంది. పార్సిలు పంపేవాళ్ళు ఇంట్లోనే కంప్యూటర్లో చిరునామా, గీతలు అన్నీ అచ్చేసుకుని అతికించి తెస్తున్నారు. సేటు మిల్లులో కూడా పప్పు పొట్లాల మీద అట్లాంటివే. ఆ మాట అంటే సేటు, "మిల్లు నా కొడుకు చూస్తడు. నేను స్టాంపులు చూస్త" అని తప్పించుకున్నాడు.

అయినా మేం లొంగలేదు. స్టిక్కరునే పోగుచేద్దాం అనుకున్నాం. సేటు పంపిన కవరు మీద ఒకటి వస్తే అలవాటు ప్రకారం పళ్ళెంలో నానబెట్టాను. అది ఊడలేదు. ఒక రోజంతా ఉంచాను. కవరు ఊడింది గానీ స్టిక్కరు ఊడలేదు. ముడతలు పడింది కదా అని ఇస్త్రీ పెట్టె పెట్టాను. తీసి చూస్తే మొత్తం నల్లగా ఉంది. అక్షరం లేదు, గీత లేదు, బొగ్గుపలక లాగా ఉంది. ఆ కాగితానికి వేడి తగిలితే నల్లబడుతుందని తర్వాత తెలిసింది.

నేను దాన్ని తాండూరు తీసుకుపోయి, ఇది నల్ల స్టిక్కరు, అచ్చులో తప్పు జరిగింది, దేశంలో ఇది ఒక్కటే దొరికింది అన్నాను. సేటు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సారూ, ఇస్త్రీ వాసనొస్తున్నది."

"గదే దాని ప్రత్యేకత" అన్నాను. ఆ మాట నిలబడలేదు.

ఆ రోజే సేటు చెప్పాడు. "నేనిగ బందు జేస్త సారూ. రెండేండ్ల సంది ఒక్క కొత్త స్టాంపు నడిచి రాలే. దసరా దాక చూస్త. నా దగ్గర లేనిది ఒక్కటన్న పోస్టుల వస్తే సరే. రాకుంటే ఆల్బములన్నీ బడికిచ్చేస్త. నాకు ఫికరన్న తప్పుతది."

ఫరవాలేదు, నీ ఇష్టం అని చెప్పి స్టేషన్‌కు వచ్చాను. అది అబద్ధం. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద బెంచీ పట్టుకుని కూర్చున్నాను. సేటు మానేస్తే నా ఆల్బములు చూసే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, "నేను చూసిన గదయ్యా" అంది. నిజమే, చూసింది. పెళ్ళయిన మొదటి ఏడాది, ఒకసారి.

సేటు దగ్గర లేని స్టాంపు ఏముంటుంది? ఆలోచించగా ఆలోచించగా, నా మొహం ఉన్న స్టాంపు అతని దగ్గర ఉండే అవకాశం లేదనిపించింది. హైదరాబాద్ పోయి ఫారం ఇచ్చి వచ్చాను.

షీటు వచ్చాక నా మొహాన్ని దేశం నలుమూలలకూ పంపాను. నలుమూలలకు కాదు. ఎనిమిది నాకే పంపుకున్నాను. వికారాబాద్‌లో పోస్టు చేస్తే వికారాబాద్‌లో మా ఇంటికే వచ్చేటట్టు. సేటుకు పంపేముందు ముద్ర ఎట్లా పడుతుందో చూసుకోవాలి కదా. నా మొహం మీద పడి కన్నో ముక్కో పోతే ఏం బాగుంటుంది?

మూడో కవరు నాడు పోస్ట్‌మన్ గేటు దగ్గర ఆగాడు.

"సారూ, మీకు మీరే రాసుకుంటున్నరా?"

"పరీక్ష చేస్తున్న."

"లోపల కాయితం గూడ లేదు, ఎండకు పెడితే కనపడుతున్నది. ఇంట్ల ఎవలతోనన్న మాటల్లేవా ఏంది?"

మా ఆవిడ లోపలినుంచి, "నాతోని ఉన్నయి. ఆయనతోనే ఆయనకు లెవ్వు" అంది.

ఎనిమిదింటిలో ఒక్కదాని మీద కూడా ముద్ర నా మొహం మీద పడలేదు. అన్నీ పువ్వు మీదే. గుండ్రంగా, ఊరి పేరుతో, తారీఖుతో. పోస్టాఫీసువాళ్ళు నా మొహాన్ని చూసి గౌరవంతో పక్కకు కొట్టారని నిర్ణయించుకుని, దేశం నలుమూలలా తిరిగిన కొత్త స్టాంపు వస్తోందని సేటుకు ఫోన్లో చెప్పి, తొమ్మిదోది పంపాను. దసరాకు ముందు ఆదివారం, ఆ ఎనిమిది కవర్లూ సంచిలో పెట్టుకుని నేనూ పోయాను.

మిల్లు ముందు గదిలో సేటు కూర్చుని ఉన్నాడు. ఒక పక్క మూడు అట్టపెట్టెలు, తాడుతో కట్టి ఉన్నాయి. అవి పప్పు పెట్టెలు కావని చూడగానే తెలిసింది. బల్ల మీద నా కవరు, పక్కన నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం ఉన్నాయి. ఒక లారీ డ్రైవరు బిల్లు కోసం నిలబడి, కవరు మీద స్టాంపును చూసి, నన్ను చూసి, కన్నడంలో ఏదో అన్నాడు. సేటు నవ్వాడు. ఏమన్నాడో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

డ్రైవరు పోయాక సేటు భూతద్దం తీశాడు.

"ఇది ఎవలేసిండ్రు?"

"సర్కారు."

"ఎందుకు?"

"ముప్పై ఆరేండ్లు లెక్కలు చెప్పిన గద."

"మస్తు మంది చెప్పిండ్రు."

"అందర్ల నన్ను ఏరిండ్రు."

సేటు కత్తెర తీశాడు. స్టాంపును కవరు నుంచి కత్తిరించాడు. మధ్యలో సూదిపోట్ల దగ్గర మడిచి, మెల్లగా రెండుగా చింపాడు. ముద్ర పడిన పువ్వును తన వైపు పెట్టుకున్నాడు. నా మొహాన్ని వేలితో నా వైపు తోశాడు.

"ఇది స్టాంపు. గది నీ ఫోటో."

"రెండు కలిస్తేనే స్టాంపు సేటూ."

"ముద్ర కొట్టినాయన గూడ నిన్ను లెక్క చెయ్యలే, సూడు. పువ్వు మీదనే కొట్టిండు."

నేను గౌరవం సంగతి ఎత్తేలోపే అతను సొరుగులోంచి ఒక పెళ్ళి కార్డు కవరు తీశాడు. దాని మీద అదే పువ్వు. పక్కన నా బదులు ఒక పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు.

"కొడంగల్ల కందుల దళారి కొడుకు పెండ్లి. ఆ పిలగాడు పదో తరగతి మూడుసార్లు రాసిండు. వానికి గూడ సర్కారే ఏరి ఏసిందా?"

ఇక చెప్పక తప్పలేదు. డబ్బు కట్టాను అన్నాను. ఫోటో నేనే ఇచ్చాను అన్నాను. దేశం నలుమూలలా తిరిగిందని ఫోన్లో చెప్పింది కూడా అబద్ధమే, ఎనిమిది నాకే పంపుకున్నాను అన్నాను. నువ్వు మానేస్తే నా పుస్తకాలు ఎవరూ చూడరు సేటూ, అందుకే చేశాను అన్నాను. ఇది చెబుతూ ఒళ్ళో సంచిని రెండుసార్లు దులిపాను. మిల్లు దుమ్ము వల్ల.

సేటు పెళ్ళి కార్డు కవరును మళ్ళీ సొరుగులో పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీ మీద కోపం గాదు సారూ. స్టాంపంటే ఇన్ని వచ్చినయి, ఇన్ని రావాలె అని ఒక లెక్కుండేది. ఇప్పుడు ఎవని మొహం వాడు ఏసుకుంటుంటే ఆల్బం ఎన్నటికి నిండాలె? ఇంట్ల కూసొని అచ్చేసుకునేది ఎన్నని వెతకాలె? మనం సచ్చేదాక ఏరినా ఒక్క పేజీ పూర్తి గాదు."

లెక్కల టీచరును కదా, మనసులో గుణించి చూశాను, నిజమే.

"ఎనిమిది నీకే పంపుకున్ననంటివి. తెచ్చినవా?" అన్నాడు.

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. అతను నా మొహం వైపు చూడనే లేదు. ఒక్కో కవరునూ భూతద్దం కింద పెట్టి ముద్రనే చూశాడు. నాలుగో కవరు దగ్గర ఆగిపోయాడు.

"గీ ముద్ర సూడు సారూ. పువ్వు మీద సగం, కవరు మీద సగం, నిండుగ పడ్డది. ఊరు, తారీఖు, అన్నీ ఉన్నయి."

"పోస్టాఫీసుల చేతికిచ్చి కొట్టించిన గద."

"మన ఆల్బముల వికారాబాద్ ముద్ర నిండుగ ఒక్కటన్న ఉన్నదా?"

లేదు. ఉండే అవకాశమే లేదు. ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. మేం స్టాంపు చుట్టూ కత్తిరించి, కవరు చెత్తలో వేసి, మిగిలినదాన్ని పళ్ళెంలో నానబెట్టాం. నలభై ఏళ్ళు, వారం తప్పకుండా.

సేటు ముందున్న పళ్ళేన్ని చూశాడు. "అరె, సగం సగం ఊళ్ళు పారబోసినం గద సారూ" అన్నాడు.

తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వికారాబాద్ వచ్చింది. తాండూరు ఇక్కడే. పరిగి, కొడంగల్, కుల్కచర్ల, దౌల్తాబాద్... మొహాలకు లెక్క లేదు గానీ పోస్టాఫీసులకు ఉంది. ఇన్ని ఉన్నాయి, ఇన్ని రావాలి అని రాసుకోవచ్చు. ఆ మాట నేనే అన్నాను. కాదు, సేటు అన్నాడు. నేను కాగితం, పెన్ను అందించాను.

పెట్టెల తాళ్ళు విప్పలేదు. వాటిని మరుసటి రోజే బడికి పంపించేశాడు. కొత్త ఆల్బం ఒకటి తెప్పిస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు.

"నీ దగ్గర ఇంక మూడున్నయి గద. అవే పెట్టి పంపు. గని ముద్ర సగం పువ్వు మీద, సగం నీ మొహం మీద పడాలె. అప్పుడు రెండు కలిసి ఒక్కటైనట్టు. చింపను, నానబెట్టను, కవరు కవరే పెట్టుకుంట. నీ మొహం సాఫ్‌గ వస్తే మల్ల నీకే పంపిస్త."

దసరా వెళ్ళిన మరుసటి వారం నేను బస్సెక్కి కుల్కచర్ల పోయాను. పోస్టాఫీసులో ఒక నడివయసు మనిషి ఉన్నాడు. కవరు ఇచ్చి ముద్ర ఎక్కడ పడాలో వేలితో చూపించాను. అతను స్టాంపునూ నన్నూ రెండుసార్లు పోల్చి చూశాడు.

"సారూ, గిది మీరేనా?"

"నేనే."

"మరి మీ మీదనే పడతది గద. జర పక్కకు కొడత."

"వద్దు. సగం మొహం మీద పడాలె."

"ఖరాబైతది సారూ. మంచిగున్నది ఫోటో."

"కానియ్యి నాయనా. సిరా ఎక్కువ ముంచకు, ఊరి పేరు చదవరావాలె."

అతనికి చెయ్యి రాలేదు. పెద్దమనిషి మొహం మీద ఎట్లా కొట్టేది అని అటూ ఇటూ చూశాడు. చివరికి కళ్ళు మూసుకుని కొట్టాడు. నిజంగా కళ్ళు మూసుకోలేదు, కొంచెం చిన్నవి చేశాడు. తీరా చూస్తే గుండ్రం నా చెవి దగ్గర మొదలై, చెంప మీదుగా ముక్కు ఎక్కి, పువ్వు లోపల పూర్తయింది.

పది రోజులకు సేటు దగ్గర నుంచి కార్డు వచ్చింది. రెండే వాక్యాలు. "చేరింది, ముక్కు పోయింది గని ఊరు మంచిగ వచ్చింది. దౌల్తాబాద్ ఎప్పుడు పోతవు?"