గౌజు పిట్టలు కూయని చేను

మా చేన్లో గౌజు పిట్టలు తగ్గిపోతా ఉండాయని మొదట కనిపెట్టింది మా నాయన. గౌజు అంటే కోడిపిల్లకంటే కొంచెం పెద్దది, బూడిద రంగు ఒంటి మీద సన్నని చారలు, నేల మీదనే తిరుగుతాది. ఎగిరేదానికి బద్ధకం, పరిగెత్తేదానికి మాత్రం ముందుంటాది. బైరకూరు దాపున మా ఊర్లో ఆ పిట్టల కూతకే నిద్ర లేచి పాలు పిండేవాళ్ళం.

నాయన వయసులో ఉన్నప్పుడు చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో నేల కింద పని చేసినాడు. గని మూతపడినాక చేనికి వచ్చేసినాడు. లోపల బండ చిటుక్కుమన్నా చెవిన పడాల, పడకుంటే ప్రాణం పోతుందని నేర్చుకున్న మనిషి. అందుకేనేమో కూత తగ్గింది ఆయనకే ముందు తెలిసింది.

"వలలేసి పట్టేవాళ్ళు ఎక్కువైనారు మామా" అనింది మా వదిన.

"వలలు మా కాలంలోనూ ఉండె. నేనూ వేసినాను. ఇప్పుడు పొదలు యాడుండాయి? జేసీబీ పెట్టి అన్నీ పెరికేసినారు. నీలగిరి చెట్ల కింద గడ్డి మొలవదు. గడ్డి లేకుంటే గుడ్డు యాడ పెడ్తాది?" అన్నాడు నాయన.

నేను ఊరకుక్కల మాట ఎత్తినాను. టమాటాకు కొట్టే మందుల మాట కూడా వచ్చింది. పురుగులన్నీ చస్తే పురుగులు తినే గౌజు పిల్లలు ఎట్ల బతుకుతాయి అనుకున్నాం. ఎన్ని మాట్లాడినా అన్నీ ఊర్లో వేరేవాళ్ళ తప్పులే. మా తప్పు ఒకటి ఉంటుందని ఎవరికీ తోచలేదు.

తొలి వాన పడినాక ఆవుల మేతకని అర ఎకరా మొక్కజొన్న వేసినాను. అంగట్లో తెచ్చిన విత్తనం గులాబి రంగులో ఉండింది. పురుగు పట్టకుండా మందు పట్టించిన గింజలవి. చేతులు కడుక్కోమని సంచి మీద కన్నడలో రాసుంటే, కడుక్కున్నాను కూడా. చివరి సాలు వేస్తా ఉంటే వాన తరుముకొచ్చింది. మిగిలిన గింజల్ని చేని గట్టు, అదే గెనిమ మీదనే కుమ్మరించి, సంచి కొప్పు మీద కప్పుకుని ఇంటికి పరిగెత్తినాను.

రెండో దినం సాయంత్రం నాయన తువ్వాలులో రెండు గౌజులు చుట్టుకుని తెచ్చినాడు. "గెనిమ కింద పడుండాయి. కుక్క కరిచినట్టు లేదు. ఒళ్ళు ఇంకా వేడిగానే ఉండాది, పారేసేదెందుకు" అని వదిన చేతికిచ్చినాడు. వదిన శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టింది.

మరుసటి పొద్దున నేను గడ్డి కోసేదానికి పోయినాను. గెనిమ మీద ఒక గౌజు ముడుచుకుని కూర్చోని ఉండింది. గుడ్ల మీద ఉందనుకుని చుట్టు తిరిగి పోబోయినాను. అది కదల్లేదు. కొంచెం అవతల ఇంకొకటి పక్కకు పడి కాళ్ళు కొట్టుకుంటా ఉండింది. మెడ వెనక్కి తిరిగిపోయింది, కన్ను మాత్రం తెరుచుకునే ఉండాది. చేతిలోకి తీసుకున్నాను. నా చేతిలోనే ప్రాణం విడిచింది. గొంతు కింద సంచి గట్టిగా తగిలింది. బొటనవేలితో నొక్కితే ముక్కులోనుంచి ఒక గింజ జారి నా అరచేతిలో పడింది. గులాబి రంగు గింజ.

ఫ్రిజ్‌లో ఉన్న పిట్టలు గుర్తుకొచ్చినాయి.

వదినకు ఫోన్ చేసినాను. మోగుతా ఉంది, ఎత్తడం లేదు. నాయనకు చేసినాను, అదీ అంతే. కొడవలి పారేసి మల్బరీ చేనికి అడ్డంగా పడి పరిగెత్తినాను.

ఇంట్లో నాయన రాగి ముద్ద ముందర కూర్చోనుండాడు. వేళ్ళకు పులుసు అంటుకోనుండాది. నా జన్మలో ఎప్పుడూ ఆయనకు ఎదురు మాట్లాడిన దాన్ని కాదు. ఆ పొద్దు ఆయన తినే తట్ట లాగి వాకిట్లోకి విసిరేసినాను.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు.

"ఎన్ని కడులు నోట్లో పెట్టినావు నాయనా? చెప్పు."

"మూడో, నాలుగో. ఏమైంది?"

నేను చెయ్యి చాపి గింజ చూపించినాను. వదిన గోడకు ఆనుకుంది. "ఉప్పు చూసేదానికి నేనూ ఒక గరిటె తాగినాను కదా" అనింది సన్నగా.

ములబాగిలుకు పోయే టమాటా బండిని ఆపి ముగ్గురం ఎక్కినాం. విత్తనాల సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. దోవంతా నాయన చేతి వేళ్ళనే చూస్తా ఉన్నాను. ఆ వేళ్ళు ఎన్నో ఏండ్లుగా వణుకుతానే ఉండాయి. నాకు తెలుసు. అయినా ఆ పొద్దు ప్రతి వణుకూ విషమే అనిపించింది. మాటలు తడబడతాయేమో అని ఊరికే పేర్లు అడిగినాను, ఊర్లు అడిగినాను. ఆయన విసుక్కున్నాడు. విసుక్కుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సంచి మీది అక్షరాలు చదివింది. "పేగులూ, గొంతు సంచీ తీసేసే కదా వండినారు?" అని అడిగింది.

"తీసేసినానమ్మా. లోపల ఏముందో చూడకుండా అట్లే పారేసినాను" అనింది వదిన.

"అంత భయం లేదు. అయినా సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి."

అంత భయం లేదని ఆమె అన్నాక కూడా, నాయన కన్ను మూస్తే తట్టి లేపినాను. వదిన నీళ్ళు అడిగితే గొంతు ఎందుకు ఎండుతా ఉందని గాబరా పడినాను. మధ్యాన్నం దాటినాక నాయన నా దిక్కు తిరిగినాడు.

"ఆ గింజలు ఎవురివి?"

"మనవే. నేనే కప్పకుండా వదిలేసినాను."

"నేను వలేసినప్పుడు, గుడ్ల మీద ఉండే పెట్టను వదిలేసేవాడిని. గింజకు ఆ కత తెలీదు కదమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

వాళ్ళిద్దరికీ ఏమీ కాలేదు. సాయంత్రం బస్సులో ఇల్లు చేరినాం. మరుసటి దినం చేతులకు కవర్లు కట్టుకుని గెనిమ మీది గింజలన్నీ ఏరినాను. తుప్పల్లో ఇంకా నాలుగు పిట్టలు దొరికినాయి. కుక్కలు తోడకుండా లోతుగా గుంత తీసి పూడ్చినాను. మందు పట్టించని విత్తనం కావాలని అంగట్లో అడిగితే, "అదేనమ్మా వచ్చేది, ఇంగోటి యాడ తెచ్చేది" అన్నాడు అంగడాయన. అప్పటినుంచి గుట్ట పైన ఎప్పుడన్నా ఒక జత కూస్తాది. మా చేన్లో మాత్రం కూయడం లేదు.

మొక్కజొన్న మాత్రం నల్లగా, ఏపుగా పెరిగింది. కోసే దినం వచ్చినప్పుడు వదిన నా మొకం చూసింది. "కోసేదా, వద్దా? ఆ గింజకు మొలిచిందే కదా." ఇంట్లో వేరే మేత లేదు. కోసి ఆవులకు వేసినాం. ఆ సాయంత్రం పాలు పిండి, కాచి, మొదటి గ్లాసు నేనే తాగినాను. మిగతా పాల మీద మూత పెట్టి, ఎవరినీ ముట్టనీకుండా పొయ్యి పక్కనే కూర్చున్నాను.