హెబ్రోను గారి నలగని పాటలు

మైపాడు హెబ్రోను గారు పాటను ఎంపీత్రీ చేయరు. ఈ ఒక్క వాక్యంతో ఆయనను గురించి సగం చెప్పినట్లే. తన రికార్డింగు గదిలో పట్టిన ప్రతి పాటా వేవ్ ఫైలుగానే, అంటే ఏ ధ్వనినీ తీసివేయకుండా, పూర్తి పరిమాణంతోనే ఉండాలి. ఐదు నిమిషాల కీర్తన యాభై ఎంబీలు. అటువంటివి పది ఎక్కితే ఫోనులోంచి మనుమల ఫోటోలు దిగిపోవలసిందే.

"రవ్వంత కుదించి ఇయ్యరాదా అన్నా?" అని పడవల మాల్యాద్రి ఒకసారి అడిగాడు.

"వంజరం చేపని తలా తోకా కోసి ఇస్తే తీసుకుంటారంట్రా?"

"కోసే గదన్నా ఇచ్చేది, కూరకి!"

వారం రోజులు హెబ్రోను గారు మాల్యాద్రితో మాట్లాడలేదు.

ఫోనులో పంపడం కూడా ఆయనకు సమ్మతం కాదు. పాట నలిగిపోతుందట. పెన్‌డ్రైవును చేతిరుమాలులో చుట్టి, సైకిలుపై తానే ఇల్లిల్లూ తిరిగి అందజేస్తారు. వృద్ధురాలైన నవోమమ్మ గారి ఇంట పాట ముగిసేవరకు కూర్చుని, ఎడమ స్పీకరు సరిగా పలుకుతున్నదా అని ఆమె కుక్కను కూడా అడిగారని వినికిడి.

తహసీల్దారు కార్యాలయంలో ముప్పైరెండేళ్లు ఉత్తరాలకు నకళ్లు రాసి పదవీ విరమణ చేసిన నా ఇంటికి మాత్రం శనివారం వస్తారు. నేనిచ్చిన ముప్పై పాత క్యాసెట్లలో వారానికి ఒక్కటి మాత్రమే ఫైలుగా మార్చి తెస్తారు. నకలులో ఒక్క అక్షరం తగ్గినా సహించని నాకు ఆయన పక్షమే న్యాయమని తోచేది.

మొన్న శుక్రవారం చర్చి పాటల బృందంలోని అబిగయీలు పరుగున వచ్చింది.

"తాతా, పోటీకి నా పాట అయిదు గంటల్లోపల పంపాల. పది ఎంబీలు దాటితే తీసుకోరంట. హెబ్రోను మామ యాభై ఎంబీలు చేసి పెట్టుండాడు. నేనే కుదించుకుందామంటే నా ఫోను నిండిపోయుండాది. మామని అడగాలంటే భయం. నువ్వొక అర్జీ రాసియ్యి."

'విషయం: పాట పరిమాణమును తగ్గించుట గురించి విన్నపము' అని మొదలుపెట్టి రాశాను. నకలు ఒకటి నా వద్ద ఉంచుకొని ఆమెతో బయలుదేరాను. మేము చేరేసరికి నాలుగూ నలభై.

హెబ్రోను గారు అర్జీని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకున్నారు. కంప్యూటరులో నాలుగు మీటలు నొక్కారు.

"అయిదు ఎంబీలు. ఈ కంప్యూటర్లోంచే పంపుకో పాపా."

నాలుగూ యాభైకి పాట అందినట్లు జవాబు వచ్చింది. నేను హెబ్రోను గారి వైపు తిరిగాను.

"మీకు ఎంపీత్రీ చేయడం వచ్చునా?"

"రాకేం సార్? రెండు నిమిషాల పని."

"మరి నవోమమ్మ గారికి అలాగే పంపవచ్చును కదా?"

"ఫోన్లో అయితే పాట పోతాది సార్, నేను పోను గదా. వారమంతా ఆమె కాడికి ఇంకెవురొస్తారు?"

"మా ఇంట్లో పన్నెండు మందిమి ఉండాము తాతా," అని అబిగయీలు నవ్వింది. "అందుకే నాకు చిన్న ఫైలు."

మా ఇంట్లో ఉన్నది నేనొక్కడినే.

"హెబ్రోను గారూ, నా ముప్పై క్యాసెట్లు ఒకే పెన్‌డ్రైవులో పట్టవా?"

ఆయన పైకప్పు వంక చూశారు. "అవి శానా బరువు సార్. ఒకేసారి మోస్తే నడుం పట్టేస్తాది."

ముప్పైలో ఇరవై ఆరు అప్పటికే పూర్తయ్యాయి. ఆ సాయంత్రమే నేను అటక వెతికించి, మరో పదకొండు క్యాసెట్లు దింపించి, జాబితా రాసి, సంతకం చేసి ఆయనకు అప్పగించాను.

ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశారు. "ఇందులో నాలుగు ఖాళీవి సార్."

"తెలుసు," అన్నాను.

"ఏం పర్లేదు. వేవ్‌లో ఖాళీదైనా ఫైలు అంతే పెద్దదొస్తాది," అంటూ జేబులోంచి చేతిరుమాలు తీశారు.