డబుల్ బెల్లు

ఆ ఇంట్లో అక్క అంటే ఒకరికి వరస కాదు, అందరికీ పిలుపు. తొంభై దాటిన చూపులేని ముసలావిడ కూడా ఆమెను "అక్కా" అనే పిలుస్తుంది. "నీకు మనవరాలి వయసుదాన్ని కదా అమ్మమ్మా" అని అక్క మొదట్లో చెప్పి చూసింది. "మనవరాలైతే ఇన్ని మందులు మింగిస్తుందా?" అందావిడ. ఆ తర్వాత అక్క ఆ సంగతి వదిలేసింది.

అక్క చాలాకాలం పెద్దాసుపత్రిలో ఆయాగా చేసింది. వైద్యం బాగానే జరిగినా, ఇంటికెళ్ళాక చూసే దిక్కులేక మళ్ళీ అదే మంచానికి తిరిగొచ్చే ముసలివాళ్ళను చూసి చూసి, ఒకరోజు ఉద్యోగం మానేసి ఓ పాత ఇల్లు అద్దెకు తీసుకుంది. మంచాన పడలేదు గానీ ఒంటరిగా ఉండలేని పెద్దవాళ్ళను అందులో చేర్చుకుంది. స్నానం చేయించడం, వేళకి మందులివ్వడం, పడిపోకుండా చెయ్యి పట్టుకోవడం. చెప్పుకోవడానికి ఇంతే. చేసి చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది.

ఆమెకు మొదట్లో కొరుకుడు పడనివాడు డ్రైవరుగారు. వయసులో ఉన్నన్నాళ్ళూ సిటీ బస్సు నడిపిన మనిషి. మతిమరుపు జబ్బు వచ్చి మనుషుల పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, కన్నకూతురి పేరుతో సహా. బస్సు మాత్రం మిగిలింది. ఎంత బతిమాలినా మంచం దిగేవాడు కాదు, చెయ్యి పట్టుకుంటే కరిచినంత పని చేసేవాడు. ఒకనాడు అక్క విసిగిపోయి, చేతిలో ఉన్న గరిటెతో మంచం ఇనప కోడు మీద టంగు టంగుమని రెండుసార్లు కొట్టింది. ఆయన బుద్ధిగా లేచి నడిచాడు. కండక్టరు ఒక బెల్లు కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. తలలోంచి అన్నీ పోయినా ఆ లెక్క ఆయన కాళ్ళలో ఉండిపోయింది.

ఆనాటి నుంచి అక్క ఆయనకు కండక్టరమ్మ. "ఇవాళ జనం పల్చగా ఉన్నారేం కండక్టరమ్మా?" అని హాల్లోకి చూసి అడిగేవాడు. "సెలవు కదండీ" అనేది అక్క. ఆయన కూతురు వీధి చివర బట్టల దుకాణంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం విరామంలో పరుగున వచ్చి తండ్రికి అన్నం తినిపించి వెళ్తుంది. ఆ పిల్ల ఎవరో ఆయనకు తెలియదు, కానీ ఆ చేత్తో పెడితేనే కడుపునిండా తింటాడు. వేరేవాళ్ళు పెడితే మూతి తిప్పుకుంటాడు.

ఇంతలో ఎక్కడో ఇలాంటి ఇంట్లోనే మంటలు లేచి, బయటపడలేక పెద్దవాళ్ళు పోయారు. ఆ వార్త చూసి అక్క ఏడ్చింది. "అడిగేవాళ్ళు లేకపోతే ఇంతే మరి" అని వీధిలో అందరికన్నా గట్టిగా అరిచిందీ తనే. అడిగేవాళ్ళు సర్కారు నుంచే వచ్చారు. గుమ్మాలు వెడల్పు చేయాలన్నారు, పొగను పసిగట్టే గంట పెట్టాలన్నారు. ఆ వీధిలోనే ఉన్న మరో రెండు ఇళ్ళు చేతులెత్తేసి బోర్డులు దించేశాయి. అక్క ఉన్నదంతా ఊడ్చిపెట్టి అన్నీ చేయించింది. ఒక్కటి మాత్రం చేయిస్తే అయ్యేది కాదు. గంట మోగగానే ఇంట్లో ప్రతి మనిషీ తన కాళ్ళ మీద గేటు దాకా రావాలి. రాలేనివాళ్ళను నర్సులుండే పెద్ద సంస్థకు పంపేయాలి. అది ఊరవతల ఉంది.

"అక్కడ వేస్తే నాన్న అన్నం ముట్టడక్కా. అంత దూరం నేను రోజూ ఎలా వెళ్ళను? ఎలాగోలా గట్టెక్కించు" అంది కూతురు.

"నేనున్నాగా" అంది అక్క.

అక్క భయమల్లా ఆ గంటతోనే. దానిది ఆగకుండా ఒకటే పొడుగాటి మోత. డ్రైవరుగారి చెవికి అది సింగిల్ బెల్లు. మొదటిసారి మోగించి చూసినప్పుడే ఆయన ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. బస్సెక్కని మహానుభావులెవరో రాసుంటారీ నిబంధనలని అక్క తిట్టుకుంది. తనిఖీ రోజున గరిటె కొంగు చాటున పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

తనిఖీకి వచ్చిన మేడమ్ కోపిష్టిదేమీ కాదు. అందరినీ నవ్వుతూ పలకరించి, గంట మోగించమంది. అప్పుడే హాల్లోంచి బయటికొస్తున్న డ్రైవరుగారు సరిగ్గా గుమ్మంలో ఆగిపోయాడు. రెండు చేతులతో రెండు వైపులా పట్టుకుని గుమ్మం నిండా తానే అయ్యాడు. వెనక చూపులేని ముసలావిడ ఆయన వీపు మీద చెయ్యి వేసి, "కదలవేమయ్యా" అంది.

"స్టాపొచ్చిందమ్మా. దిగేవాళ్ళు దిగండి" అన్నాడాయన, దిగడానికి సందు వదలకుండా.

అక్క గరిటె తీసి గేటు మీద రెండు కొట్టింది. ఆయన కదిలాడు. వెనకే అందరూ వచ్చేశారు.

"ఆ గరిటె ఏమిటండీ?" అని అడిగింది మేడమ్. దొరికిపోయాక ఇంకా దాచేదేముంది, అక్క అంతా చెప్పింది, కొంచెం గర్వంగానే చెప్పింది. మేడమ్ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మీరు బజారుకెళ్తే ఎవరు కొడతారు?" అంది.

"వంటమనిషికి నేర్పాను మేడమ్."

"పొగలో వంటమనిషి తన ప్రాణం చూసుకుంటుందా, గరిటె వెతుక్కుంటుందా?"

"ఆ గంటనే రెండు రెండుగా మోగేలా మార్చుకుంటే?"

"వీల్లేదండీ. అన్ని చోట్లా అదే మోత ఉండాలి. ఆయన ఒక్కరే అయితే ఏదో ఒకటి ఆలోచించేదాన్ని. వెనక ఆవిడ ఎలా నిలబడిపోయిందో చూశారుగా."

అక్క చూసింది. చూడకపోతే బాగుండేది. ఇందాక గంట మోగుతున్నా ఏ తొందరా లేనట్టు, ఆయన వీపు మీద చెయ్యి వేసుకుని, ఓపిగ్గా నిలబడింది ఆ ముసలావిడ. మేడమ్ చెప్పింది తప్పయితే అక్క పోట్లాడేది. తప్పు కాకపోవడంతో, ఆయన్ని పెద్ద సంస్థకు పంపాలన్న కాగితం మీద సంతకం పెట్టింది.

"నేనున్నానన్నావు కదక్కా" అంది కూతురు సాయంత్రం. "అన్నాను" అంది అక్క.

పెద్ద సంస్థ వ్యాను వచ్చిన రోజు డ్రైవరుగారు మహా హుషారుగా ఉన్నాడు. వెనక ఎక్కనని, ముందు సీట్లో కూర్చున్నాడు. కూతురు వెనక ఎక్కింది. వ్యాను నడిపే అతను బండి స్టార్టు చేసి గేరు మీద చెయ్యి వేయగానే, డ్రైవరుగారు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగవయ్యా. బెల్లు పడలేదు."

"తాతగారూ, ఇందులో బెల్లుండదండీ" అన్నాడతను. ఆ చెయ్యి విడిపించుకోవడం అతని వల్ల కాలేదు. డ్రైవరుగారు కిటికీలోంచి తల బయటపెట్టి అక్కను చూశాడు.

"ఎంతసేపు కండక్టరమ్మా?"

అక్క మెల్లగా వ్యాను దగ్గరికి వచ్చింది. చేతిలో గరిటె లేదు. అరచేత్తో వ్యాను రేకు మీద ఒకసారి కొట్టింది. అక్కడితో ఊరుకుంటే ఆయన పొద్దుగూకే దాకా అలాగే ఆగి ఉంటాడని ఆమెకు తెలుసు. కాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

తర్వాత రెండు కొట్టింది.

"రైట్" అన్నాడు డ్రైవరుగారు, అతని చెయ్యి వదిలేసి.